వలిసె చేలో విడిచిన చోటు

2021 నవంబరు. అరకు నుంచి డుంబ్రిగుడ వెళ్లే దారిలో, రోడ్డు మీదకి కనబడని ఒక కొండవాలులో వలిసె చేను నిండా పూసి ఉంది. పొద్దున్నే వెళ్లాను. మంచు ఇంకా లేవలేదు. ముందు పువ్వులు కనబడలేదు, మంచు లోపల ఎవరో దీపం పెట్టి మరిచిపోయినట్టు పసుపు వెలుగు మాత్రం కనబడింది. తర్వాత తేనెటీగల చప్పుడు వినబడింది. ఆ తర్వాత మంచు నెమ్మదిగా పక్కకి జరిగి, వాలు అంతా ఒక్కసారి బయటపడింది. నేను గట్టు మీద నిలబడి ట్రైపాడ్ కాళ్లు విప్పుతుంటే వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"సేలో కాలెట్టావంటే కాలిరగ్గొడతాను."

సుక్రిని మొదటిసారి కలిసింది అలాగ. అరవై దాటిన మనిషి. చేతిలో వెదురు కర్ర. ఆ చేను ఆమెది.

నాది శృంగవరపుకోట దగ్గర ఊరు. పెళ్లయ్యాక అరకు వచ్చి ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. పాస్‌పోర్టు ఫోటోలు, పేరంటాలు, పెళ్లిళ్లు పొట్ట కోసం. కొండలూ ఆకాశమూ నా కోసం. ఇన్నేళ్లలో ఈ పనిలో నాకు జరిగిన మర్యాదలన్నీ నాకు గుర్తున్నాయి. విశాఖపట్నంలో ఫోటోగ్రాఫర్ల సమావేశానికి వెళితే గుమ్మం దగ్గర గళ్ల చొక్కా ఆయన "సారు రాలేదామ్మా?" అని అడిగి, నన్ను తీసుకెళ్లి భార్యల వరసలో కూర్చోబెట్టాడు. అరకు గురించి కరపత్రం వేసినవాళ్లు నా ఫోటో వాడుకుని, పై సగం కోసేసి, కోసిన చోట కాఫీ కప్పు బొమ్మ పెట్టారు. ఆ పై సగం కోసమే నేను ఆ కొండ మీద వర్షంలో కూర్చున్నాను. పేరు కూడా వేయలేదు. అడిగితే "జాగా సరిపోలేదు మేడం" అన్నారు. కప్పుకి జాగా సరిపోయింది.

ఆ నవంబరు నన్ను సుక్రి గట్టు మీదకి తెచ్చింది కూడా అలాంటి మాటే. అనంతగిరి వైపు కొత్తగా కట్టిన ఒక రిసార్టు యజమాని, హాల్లో గోడ పొడుగునా పెట్టుకోవడానికి వలిసె పూల ఫోటో కావాలన్నారు. నా దగ్గరున్నవి చూసి, పువ్వులు బాగున్నాయి గాని ఆకాశం ఖాళీగా ఉందన్నారు. అది నిజమే, దానికి నేనేమీ అనుకోలేదు. ఆయన అక్కడితో ఆగలేదు. "ఆకాశం పెద్ద సమస్యా అమ్మా, మావాడు కంప్యూటర్లో ఏదో ఒకటి అతికించేస్తాడు" అన్నారు. అప్పుడు ఆయన జీడిపప్పు నములుతున్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. అతికించిన ఆకాశం కింద నా ఫోటో ఉండదని, ఆ పువ్వుల మీదున్న ఆకాశంతోనే తెస్తానని చెప్పి లేచి వచ్చేశాను.

చదివేవాళ్లకి ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఇలాంటి ఫోటోకి వాడేది వైడ్ యాంగిల్ లెన్స్. మనం రెండు చేతులూ బార్లా చాపితే ఎంత ఉంటుందో దాదాపు అంతా అందులోకి వస్తుంది. చాలామంది అందుకే కొంటారు, కొన్నాక నిరాశపడతారు. ఎందుకంటే అది అన్నిటినీ లోపలికి తీసుకుంటుంది గాని అన్నిటినీ ఒకేలా చూడదు. దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది, దూరాన ఉన్నదాన్ని చిన్నది చేస్తుంది. గట్టు మీద నిలబడి తీస్తే కొండ చీమలపుట్ట అవుతుంది, చేను చాప అవుతుంది, మిగిలినదంతా ఖాళీ నీలం. అందుకని దగ్గర్లో ఒకటి ఉండాలి. దాన్ని ఫోర్‌గ్రౌండ్ అంటాం. ఒక పువ్వు లెన్స్‌కి జానెడు దూరంలో ఉంటే, చూసేవాడి కన్ను ఆ పువ్వు మీద కాలు పెట్టి, వెనక ఉన్న పువ్వుల మీదుగా నడుచుకుంటూ కొండ దాకా వెళుతుంది. అక్కడి నుంచి పైకి వెళ్లడానికి మబ్బు కావాలి. మబ్బు లేకపోతే కన్ను కొండ దగ్గర ఆగిపోయి వెనక్కి తిరిగి వచ్చేస్తుంది.

అంటే నేను పువ్వుల మధ్యలోకి వెళ్లాలి. సుక్రి వెళ్లనివ్వదు.

వలిసె పువ్వు కోసం వేసే పంట కాదు. నూనె గింజ. సుక్రి ఇంట్లో ఏడాది పొడుగునా కూరలోకీ, తలకీ ఆ నూనే. కాడ పెళుసు, మనిషి నడిస్తే విరిగిపోతుంది, విరిగిన మొక్క గింజ కట్టదు. అందుకని వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పువ్వు విచ్చిన రోజు నుంచి ఎండేదాకా చేలోకి ఇంటివాళ్లు కూడా దిగరు. అప్పుడు చేను తేనెటీగలదని వాళ్ల అత్త చెప్పిందట. సుక్రి ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి పూసిన చేలో అడుగు పెట్టలేదు. కార్లలో వచ్చేవాళ్లు మాత్రం పెడుతున్నారు.

నేను దిగలేదు. ఆమె కర్రకి భయపడి కాదు. వద్దన్నచోటికి వెళ్లి తీసిన ఫోటో నాకు అక్కర్లేదు, ఎవరైనా తర్వాత దాని గురించి ఒక మాట అనడానికి నేను చోటివ్వను. గట్టు మీదే కూర్చున్నాను. మర్నాడు వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. సుక్రి చాలాసేపు నన్ను కనిపెట్టుకుని ఉండి, చివరికి గట్టు మీద కొంచెం ఎడంగా తనూ కూర్చుంది.

ఆ రోజులు నాకు ఇప్పటికీ కలలో వచ్చినట్టుగానే గుర్తుంటాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఎండ మెత్తబడేది. ఎక్కడి నుంచో చిన్న తునక మబ్బు వచ్చి దాని నీడ చేను మీద నడిచేది. నీడ పడినచోట పసుపు ముదురు తేనెరంగు అయ్యి, నీడ దాటగానే మళ్లీ వెలిగేది. తేనెటీగల చప్పుడుకి కళ్లు వాలిపోయేవి. మేమిద్దరం చేసిన పనల్లా మమ్మల్ని ఎవరెవరు ఏమన్నారో చెప్పుకోవడం.

ఆమె దగ్గర నాకంటే ఎక్కువే ఉన్నాయి. ఒక ఏడు విశాఖపట్నం నుంచి పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంట వచ్చి, చేను మధ్యలో పెళ్లికూతుర్ని పడుకోబెట్టి, పైన డ్రోన్ ఎగరేశారట. సుక్రి అరిస్తే ఆ పిల్ల లేచి దులుపుకుంటూ, పువ్వులే కదా అందట. ఆ చోటు ఇప్పటికీ సుక్రికి తెలుసు. మాటల్లో దాన్ని పెళ్లికూతురు పడుకున్న చోటు అనే అంటుంది. వాళ్లు ఎక్కి వెళ్లిన కారు రంగు చెప్పింది. కారు వెనక అద్దానికి అంటించిన బొమ్మ ఏమిటో చెప్పింది. నాకు గళ్ల చొక్కా గుర్తున్నట్టే. నా కరపత్రం సంగతి చెబితే శ్రద్ధగా విని, కాఫీ కప్పు దగ్గర తల ఊపింది. అప్పటిదాకా ఆ సంగతి విన్నవాళ్లందరూ "పోనీలెద్దూ" అన్నవాళ్లే.

"నా సేను ఫోటోలు ఎందరివో ఫోన్లలో ఉన్నాయి" అంది ఒక రోజు. "అన్నిట్లో ఎవలో ఒకలు ముందు నిలబడిపోతారు. ఒట్టి సేను, మడిసి లేకండా, నాలుగు మూలలూ ఉన్న ఫోటో ఒక్కటీ లేదు."

ఆ ఏడు మబ్బు రాలేదు. పువ్వు రాలిపోయింది. నేను ట్రైపాడ్ మడుస్తుంటే సుక్రి, కర్ర చివరతో నేల మీద గీస్తూ, వచ్చే ఏడు విత్తనం జల్లేటప్పుడు రమ్మంది.

"నీకు సోటు ఇడిసి జల్లుతాను. గట్టు కాడి నుంచి ఒక దారి, కొసన నువ్వు నిలబడేపాటి సోటు. ఏ మొక్కా ఇరగదు. నాకు ఆ ఫోటో ఒకటి ఇయ్యాల."

ఫోటోగ్రాఫర్‌కి చోటు విడిచి పంట వేస్తానన్నవాళ్లని నేను అంతకుముందు చూడలేదు. ఎవరో పెద్ద వేదిక మీదకి పిలిచి శాలువా కప్పినా నాకు అంత మర్యాద అనిపించేది కాదు.

2022 ఆగస్టులో, దున్నిన ఎర్రమట్టి మీద నేను ఫోటో కూర్చుకున్నాను. ఫోటోలో ఏది ఎక్కడ ఉండాలో అమర్చుకోవడాన్ని కంపోజిషన్ అంటాం. మామూలుగా ఎదురుగా ఉన్నవాటిని అమర్చుకుంటాం. ఇక్కడ ఎదురుగా ఏమీ లేదు. వాన తుంపర పడుతోంది, మట్టి వాసన వస్తోంది, నేను బురదలో గొంతుకూర్చుని వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి లేని పువ్వుల్ని చూస్తున్నాను. గట్టు కొడవలిలా వంపు తిరిగి కొండల వైపు పోతుంది. పడమటన రెండు కొండల మధ్య ఒక సందు ఉంది, నవంబరులో పొద్దు దాని ఎడమ అంచున దిగుతుందని పోయిన ఏడు చూసి ఉన్నాను. గట్టు వంపు ఆ సందు వైపు కన్నుని తీసుకెళ్లాలి. ఇటు జరిగాను, అటు జరిగాను. సుక్రి గోచీ బిగించి, చంకలో బుట్టతో, చేను మధ్యలో బురదతో మాట్లాడుతున్న నన్ను చూస్తూ నిలబడింది. బేగి తేల్చమంది, విత్తనం తడిసిపోతోందంది. చివరికి ఒకచోట ఆగి ఇదీ అన్నాను. ఆమె నా చుట్టూ తిరుగుతూ జల్లింది. గుప్పెడు గుప్పెడు నల్లటి గింజలు నా చుట్టూ పడుతుంటే, ఎవరో నన్ను ఆ నేలలో నాటుతున్నట్టే అనిపించింది.

నవంబరులో వెళ్లి చూస్తే దారి ఉంది, చోటు ఉంది, చుట్టూ గోడలా పువ్వు ఉంది. పక్కకి ఒత్తిగిల్లి నడుచుకుంటూ వెళ్లి, ఆగస్టులో అనుకున్న ఎత్తులోనే ట్రైపాడ్ పెట్టి చూశాను. కాడలు. ఆకుపచ్చ కాడలు, వాటి మధ్య నుంచి ఇంకా కాడలు. ఆగస్టులో నేను గొంతుకూర్చుని మోకాలి ఎత్తులో అన్నీ అమర్చుకున్నాను. ఆ ఏడు వానలు బాగా పడి మొక్క నా ఛాతీ దాకా వచ్చింది. కొండ లేదు, గట్టు లేదు, ఆకాశం బావిలోంచి చూసినట్టు ఉంది.

గట్టు మీద నుంచి సుక్రి ఏటి కనబడతందని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

"ముందే చెప్పొచ్చు కదా అప్పా, మొక్క ఇంత ఎదుగుతుందని" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం; ఆమె నన్ను గుంటా అనేది, పిల్లా అని.

"నువ్వు నిలబడి తీత్తావనుకున్నాను. కూకున్నావు. కాడలు ఫోటో తీసుకుంటాదేమోలే, మనకెందుకు అనుకున్నాను."

ఆ నవ్వు నేను మర్చిపోలేదు. కానీ నా మర్యాదల లెక్కలో రాసుకోలేదు. ట్రైపాడ్ కాళ్లు మొత్తం లాగి, కెమెరాని పువ్వుల గొంతు ఎత్తుకి తెచ్చి, నేను గట్టు మీది రాయి ఒకటి తెచ్చి ఎక్కి నిలబడితే సరిపోయింది. దగ్గరి పువ్వు పళ్లెమంత అయింది. దాని వెనక వేలాది పువ్వులు చిన్నవవుతూ, గట్టు వంపు పట్టుకుని కొండ సందు దాకా వెళ్లాయి. నేను బురదలో చూసినది నా ఎదురుగా ఉంది. ఆకాశం ఒక్కటే రావాలి.

అప్పటి నుంచి రోజూ వెళ్లేదాన్ని. దారిలో ఇరుక్కుంటూ లోపలికి వెళ్లి, పైకి చూసి, మబ్బు రావాలి అనేదాన్ని. పైకే అనేదాన్ని. సుక్రి గట్టు మీద కూర్చుని వినేది. నేను దాని గురించి ఏమీ అనుకోలేదు. పెళ్లిలో ఫోటోగ్రాఫరు కరెంటు పోకూడదని అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. పువ్వు మీద వాన పడితే పుప్పొడి కడుక్కుపోతుంది, గాలి కొడితే ఛాతీ ఎత్తు మొక్క మొదలంటా పడుకుంటుంది. ఇది నాకు తెలుసు, ఇక్కడ అందరికీ తెలుసు. తెలిసినా, అదీ ఇదీ ఒకే ఆకాశం అని నా మనసులో ఒక దగ్గరికి రాలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఒకే చోటికి తలెత్తి చూస్తూ, ఒకరు రమ్మని ఒకరు రావద్దని కోరుకుంటున్నాం.

నెలాఖరులో సముద్రంలో అల్పపీడనం అన్నారు. ఆ మధ్యాహ్నానికి తూర్పు నుంచి మబ్బు లేచింది. నేను స్టూడియో మూసేసి పరిగెత్తాను. వెళ్లేసరికి అది మా నెత్తి మీదకి వచ్చేసింది. అలాంటి మబ్బు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నీలం కాదు, నలుపు కాదు, కాచిన ఇనుప మూకుడు రంగు. పొరలు పొరలుగా మడతపడి, చేను మీదుగా పడమటికి సాగుతోంది. పడమటన కొండల సందులో మాత్రం చిన్న కిటికీ అంత తెరిపి మిగిలింది. అందులోంచి పొద్దు అడ్డంగా వచ్చి పువ్వుల్లోంచి దూరి వెలుగుతోంది. ప్రతి రేకా లాంతరు చిమ్నీలా ఉంది. గాలి ఆగిపోయింది. తేనెటీగలు లేవు. లోకం ఊపిరి బిగబట్టినట్టు ఉంది.

సుక్రి గట్టు మీద నిలబడి ఉంది. కర్ర కింద పడి ఉంది. నేను సంతోషంగా ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. ఆమె అన్నది గుర్తుంది.

"నువ్వే పిలిసావు దీన్ని."

"నేను పిలిస్తే వచ్చేదైతే పోయిన ఏడే వచ్చుండేది అప్పా."

"పోయినేడు నీకు సోటు నేదు. ఈ ఏడు నా సేను మజ్జిన కూకుని, నాను ఇడిసిన సోట కూకుని, రోజూ పిలిసావు."

మనిషి మాటకి మబ్బు రాదు. అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను, ఎవరు అడిగినా అదే చెబుతాను. కానీ ఆమె నా వైపు చూడలేదు. ఆ కింది వాలు వైపు చూస్తోంది, అక్కడ మొక్క ఇంకా ఎత్తుగా ఉంది, పువ్వు అప్పుడే గింజ పట్టడం మొదలుపెట్టింది. ఆమెకి రాబోయే ఏడాది అంతా ఆ వాలులో నిలబడి ఉంది. నా మీద ఎవరైనా తప్పు మోపితే నేను ఊరుకునే మనిషిని కాదు. ఆ రోజు మాత్రం లోపలికి వెళ్లి ట్రైపాడ్ కాళ్లు మడవడం మొదలుపెట్టాను. ఆ వెలుగు ఇంకా ఉంది. నా చేతుల మీద కూడా పడుతోంది.

"ఏటి సేత్తన్నావు?" అంది వెనక నుంచి.

వెళ్లిపోతానన్నాను.

"తియ్యి" అంది. "రేపటికి ఇలగ ఉండదు. ఉన్నప్పుడే తియ్యి. మూలలు కోయకు."

మళ్లీ కాళ్లు లాగాను. ఇలాంటి వెలుగులో ఎక్స్‌పోజర్ కష్టం. ఎక్స్‌పోజర్ అంటే లోపలికి ఎంత వెలుగు రానివ్వాలన్నది. కొండ సందుకి సరిపెడితే పువ్వులు చీకటైపోతాయి, పువ్వులకి సరిపెడితే సందు తెల్లగా కాలిపోతుంది. రెండింటికీ మధ్య సన్నటి గీత మీద నిలబడాలి. మామూలుగా నేను ఇలాంటప్పుడు తొందరపడతాను. ఆ రోజు చేతులు నీళ్లలో కదిలినట్టు కదిలాయి. హొరైజన్, అంటే నేలా ఆకాశమూ కలిసే గీత, దాన్ని కిందికి దించాను. ఫోటోలో ముప్పాతిక మబ్బుకే ఇచ్చాను. మిగిలిన పాతికలో చేను. నాలుగు మూలలూ చూసుకున్నాను. నొక్కాను. కొంచెం గాలి లేచి పువ్వులు ఊగితే ఆగాను, ఆగాక మళ్లీ నొక్కాను.

వెనక ఆకుల చప్పుడైతే తిరిగి చూశాను. సుక్రి ఆ దారిలో ఒత్తిగిల్లుతూ లోపలికి వచ్చి నా వెనక నిలబడి ఉంది. ఏ మొక్కా తగలకుండా రెండు చేతులూ పైకి ఎత్తి పట్టుకుంది. ఆమె గడ్డం దాకా పువ్వులు. ముఖమంతా పసుపు వెలుగు. పూసిన తన చేలో ఆమె నిలబడటం అదే మొదటిసారి. చుట్టూ తిరిగి చూస్తోంది. నేనున్నట్టు కూడా ఆమెకి గుర్తులేదు. కెమెరా అటు తిప్పలేదు. ఆమె అడిగింది మనిషి లేని ఫోటో.

కొండ సందులో కిటికీ మూసుకుపోయింది. వాన వచ్చేలోపు ఇద్దరం ఆమె ఇంటి వసారాలోకి చేరాం. అల్లం వేసిన కాఫీ ఇచ్చింది. వాన చప్పుడులో గాలి ఎప్పుడు తిరిగిందో ఆమె ముఖంలోనే తెలిసింది.

పొద్దున వెళితే కింది వాలు మొత్తం పడిపోయి ఉంది. ఎవరో పెద్ద అరచేత్తో నిమిరినట్టు ఒకే వైపు ఒరిగిపోయింది. పై వాలు వంగింది గాని నిలిచింది. మధ్యలో నా చోటు నీళ్లు నిండి చిన్న అద్దంలా ఉంది, అందులో తెల్లటి ఆకాశం. తేనెటీగలు మళ్లీ వచ్చాయి. ఆ ఏడు సుక్రి ఇంట్లో వలిసె నూనె ఎండాకాలానికే అయిపోయింది. తర్వాత కొట్లో నూనె కొనుక్కుంది, అది కూరకి రుచి ఇవ్వదని ఇప్పటికీ చెబుతుంది. చెప్పినప్పుడు నా వైపు చూస్తుంది.

ఫోటో రిసార్టు యజమానికి తీసుకెళ్లి చూపించాను. ఆయన కొంచెంసేపు చూశారు. "బాగుందమ్మా, కానీ ఇంత నల్లగా ఉంటే గెస్టులు భయపడతారు. పై భాగం కొంచెం నీలం చేయించండి" అన్నారు.

పోయిన ఏడు ఆకాశం లేదన్న మనిషి. "ఆ మబ్బు కింద ఒక మనిషి ఉందండీ. నీలం చేస్తే ఆమె సంగతి ఏమవుతుంది?" అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఫోటో దగ్గరికి వంగి, ఒక చివర నుంచి ఇంకో చివరకి వెతికారు. "ఎక్కడమ్మా? ఎవరూ లేరే" అన్నారు.

ఫోటో చుట్టేసుకుని వచ్చేశాను. ఇప్పుడు ఆయన గోడ మీద వేరేవాళ్ల ఫోటో ఉంది. పువ్వుల నీడలు ఎడమకి పడతాయి, మబ్బుల మీద వెలుగు కూడా ఎడమ నుంచే వస్తుంది. రెండు పొద్దులు ఉన్న ఊరు అది. అక్కడ దిగినవాళ్లెవరైనా చదువుతుంటే ఈసారి చూడండి.

సుక్రికి అదే సైజులో ప్రింటు వేయించి తీసుకెళ్లాను. వసారాలో చాప మీద పరిచాం. ఆమె ముందు మూలలు చూసింది, నాలుగూ వేలితో ముట్టుకుంది. తర్వాత అడ్డంగా చూసి, ఎవరూ లేరు అని తృప్తిగా అంది. తర్వాత కింది వాలు మీద చెయ్యి పెట్టి, అక్కడ నిలబడి ఉన్న పువ్వుల మీద, చాలాసేపు ఉంచింది. పెట్టడానికి చూస్తే ఇంటి లోపలి గోడ ఎత్తు చాలలేదు. చూరు అడ్డొచ్చింది. కొడుకు వచ్చి, పైన మబ్బు చాలా ఉంది కదా, కొంచెం కోసేస్తే సరిపోతుందన్నాడు. నేను నోరు తెరిచేలోపు సుక్రి అంది.

"మబ్బు కోసేత్తే పువ్వు ఎందుకు పడిపోయిందో ఎలగ తెలుత్తాది?"

కరపత్రం వాళ్లకి ఇన్నేళ్లుగా నేను చెప్పలేకపోయినది అదే. ఫోటో ఇప్పుడు వసారా గోడకి బయటి వైపు ఉంది, గాజు పలక వేసి, పైన చిన్న రేకు చూరు దింపి. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు.

మరుసటి ఏడు ఆగస్టులో నన్ను పిలవలేదు. అలిగిందనుకున్నాను. నేనూ వెళ్లలేదు, పిలవని చోటికి వెళ్లే అలవాటు నాకు లేదు. నవంబరులో మాత్రం ఉండలేకపోయాను. గట్టు మీద నుంచి చూస్తే దారి ఉంది. దారి చివర నా చోటు ఉంది. దాని పక్కనే ఇంకో చోటు ఉంది.

"ఇది ఎవరికప్పా?"

"నాకు. పోయినేడు నీ ఎనకాల నిలబడితే సగం నీ ఈపే కనబడింది."

ఈ పనిలో నేను నేర్చుకున్నది చాలావరకు లెన్సుల గురించి, వెలుగు గురించి. ఈ ఒక్కటి మాత్రం సుక్రి చేలో నేర్చుకున్నాను. వైడ్ యాంగిల్ ఆకాశాన్ని ఎంత పెద్దది చేస్తే, దాని కింద బతికేవాళ్లని అంత చిన్నవాళ్లని చేస్తుంది. ఒక్కోసారి అసలు కనబడకుండా చేస్తుంది. అది లెన్స్ స్వభావం, దాన్ని మార్చలేం. అందుకని ఎక్కడికి వెళ్లినా, ఎవరి పొలం గట్టు మీద నిలబడినా, ట్రైపాడ్ విప్పేముందు అడుగుతాను, ఈ రోజు మీకు ఆకాశం ఎలా ఉండాలని. కొందరు వింతగా చూస్తారు. కొందరు చెబుతారు. చెప్పిన రోజు నేను వేరేది కోరుకోను.

పోయిన నవంబరులో సుక్రిని కూడా అడిగాను. ఇద్దరం మా మా చోట్లలో నిలబడి ఉన్నాం, మధ్యలో పువ్వులు, ఆమె గడ్డం దాకా పసుపు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఆమె తలెత్తి, ఇటు కొండ నుంచి అటు కొండ దాకా నిదానంగా చూసింది.

"కొంచెం మబ్బు పర్నేదు గుంటా" అంది. "నీకు సరిపడా."